సీసానికి రంగు చొక్కా

సీసం అనగానే తెలుగు బళ్లో చదువుకున్నవాళ్లకి ముందు గుర్తొచ్చేది పద్యం. శ్రీనాథుడి సీసాలు. లోహం గుర్తొచ్చేది ఆ తర్వాతే. నాకూ అంతే! చేపల వలకి కట్టే గుళ్లు, కారు బ్యాటరీలు... ఇంతకు మించి సీసంతో నాకు పరిచయం లేదు. తుపాకీ అంటారా, బ్యాంకు గుమ్మం దగ్గర కాపలా మనిషి భుజాన చూడటమే. అలాంటి నేను 2023 అక్టోబరులో, అమెరికాలో ఓ గ్యారేజీలో నిలబడి తుపాకీ గుండ్లకి రంగు పట్టించడం నేర్చుకున్నాను. సరదాకి కాదు. అక్క పంపితే వెళ్లాను.

అక్కావాళ్లు ఉండేది టెక్సస్‌లో, డాలస్ దగ్గర ఫ్రిస్కోలో. నెల రోజులు సెలవు పెట్టి వెళ్లాను. వెళ్లిన మూడో రోజే తెలిసింది, ఇంట్లో ఓ పంచాయితీ నడుస్తోందని. పక్కింటి పెద్దాయన ఒకరున్నారు. వయసు డెబ్బై దాటింది. యంత్రాల కార్ఖానాలో పనిచేసి రిటైరయ్యారు. శనివారం వస్తే షూటింగ్ రేంజికి వెళ్లి గురి చూసి అట్టలు కాల్చడం ఆయన కాలక్షేపం. బావగారికి ఆయనతో స్నేహం కుదిరింది. ఓసారి సరదాగా వెంట వెళ్లారు. తర్వాత అలవాటైంది. ఆ గుండ్లు కొనడం కాదు, ఇంట్లోనే పోత పోసుకోవచ్చని పెద్దాయన దగ్గర చూశాక, మన గ్యారేజీలోనూ ఓ మూల చిన్న పొయ్యి, ఓ ఓవెన్ పెట్టుకుంటానన్నారు బావగారు. అక్క ససేమిరా అంది.

ఇంట్లో రెండేళ్ల పిల్ల ఉంది మరి!

"నువ్వు పేపర్లో పనిచేస్తున్నావుగా. నాలుగు రోజులు వాళ్లతో వెళ్లి చూసి రా. ఇంట్లోకి రానివ్వచ్చో లేదో నువ్వే చెప్పు. నేను వద్దంటే భయస్తురాలినంటున్నారు" అంది అక్క. అదీ నాకు అప్పగించిన పని.

గుండు వేరు... తూటా వేరు

మనం మాటల్లో గుండు, తూటా ఒకటే అన్నట్టు వాడేస్తాం. మొదటి రోజు పెద్దాయన సరిచేసింది అదే. తూటా అంటే నాలుగు వస్తువుల కలయిక. ఇత్తడి గొట్టం, దానిలో మందు, అడుగున నిప్పు రాజేసే చిన్న మూత, ముందువైపు కూర్చున్న గుండు. తుపాకీలోంచి దూసుకుపోయేది ఆ గుండు ఒక్కటే. ఇంట్లో పోత పోసేది, రంగు వేసేది దానికే.

ఇది నేరం కాదా అని అడిగాను. మన దేశంలో అయితే నేరమే. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయకూడదు. 2019లో చేసిన సవరణ తర్వాత దానికి కనీసం ఏడేళ్ల జైలు, గరిష్ఠంగా యావజ్జీవం. అమెరికాలో దారి వేరు. తయారుచేసి అమ్మేవాళ్లకి అక్కడి కేంద్ర ప్రభుత్వ లైసెన్సు కావాలి. సొంతానికి చేసుకునేవాళ్లకి అక్కర్లేదు. అందుకే అక్కడ కొందరికి ఇది చేపలు పట్టడం లాంటి హాబీ. పచారీ ఖర్చు రాసుకున్నట్టే పెద్దాయన ఓ పుస్తకంలో ఏ రోజు ఎన్ని పోశారో రాసుకుంటారు.

రంగు ఎందుకంటే...

గుండుకి రంగేమిటి, అందానికా? నేను వేసిన రెండో ప్రశ్న ఇది. దానికి జవాబు మన చరిత్ర పాఠంలోనే ఉంది.

సీసం మెత్తటి లోహం. గోటితో గీసినా గీత పడుతుంది. తుపాకీ గొట్టం లోపల మెలి తిరిగిన గాళ్లుంటాయి. గుండుని తిప్పుతూ బయటికి పంపేది అవే. వెనకనుంచి మండే వాయువు తోస్తుంటే మెత్తటి సీసం ఆ గాళ్లకి రాసుకుని అతుక్కుపోతుంది. నాలుగు కాల్పులయ్యాక గొట్టం పూడుకుపోతుంది, గురి తప్పుతుంది. అందుకని పాతరోజుల నుంచీ గుండుకో, దాన్ని చుట్టిన కాగితానికో ఏదో ఒక జిడ్డు పూసేవారు. 1857 గుర్తొచ్చిందా? ఎన్‌ఫీల్డ్ తుపాకీ తూటాల కాగితానికి పూసింది ఆవు కొవ్వని, పంది కొవ్వని సిపాయిల్లో పుట్టిన కలవరం మీరట్ దాకా ఎలా పాకిందో చిన్నప్పుడు మనమంతా చదివాం. ఆ కొవ్వు పూసింది ఇందుకే... గుండు గొట్టంలో జారాలని.

తర్వాత తేనెమైనం కలిపిన జిడ్డు వచ్చింది. కాల్చినప్పుడల్లా పొగ, చేతులకి జిగట. ఫ్యాక్టరీ గుండ్లకయితే రాగి తొడుగు వేస్తారు. అది ఇంట్లో అయ్యే పని కాదు. మరి ఇంట్లో పోసేవాళ్లకి దారేది? మన ఇనప బీరువాకి వేసే పూతే!

అవును, అదే పౌడర్ కోటింగ్. 1950ల్లో జర్మనీలో ఎర్విన్ గెమ్మర్ అనే ఆయన, వేడి చేసిన లోహాన్ని ప్లాస్టిక్ పొడిలో ముంచి పూత పట్టించే పద్ధతి కనిపెట్టారు. ఆ తర్వాత కరెంటు ఆవేశంతో పొడి చల్లే పద్ధతి వచ్చింది. బాలానగర్, జీడిమెట్ల షెడ్లలో కిటికీ గ్రిల్సుకీ, కుర్చీలకీ వేసేది ఇదే. ద్రవం ఉండదు, బ్రష్షు ఉండదు. పొడి అంటుకుంటుంది, ఓవెన్లో కరిగి చర్మంలా పరుచుకుని గట్టిపడుతుంది. ఆ చర్మం సీసానికీ గొట్టానికీ మధ్య అడ్డుగా నిలబడుతుంది. జిడ్డు అక్కర్లేదు, పొగ తక్కువ.

పోత పోసిన రోజు

గ్యారేజీ తలుపు పూర్తిగా ఎత్తారు. ఫ్యాను గాలి బయటికి పోయేలా పెట్టారు. పొడుగు చేతుల చొక్కా, తోలు తొడుగులు, కళ్లద్దాలు, మూతికి మాస్కు. నాకూ ఓ జత ఇచ్చారు. అన్నిటికన్నా ముందు పెద్దాయన నా చేతిలోని మంచినీళ్ల సీసా తీసుకుని బయట గోడ మీద పెట్టి వచ్చారు.

"ఈ గదిలోకి నీళ్లు రాకూడదు" అన్నారు.

కరిగిన సీసంలో ఒక్క చుక్క నీళ్లు దిగినా క్షణంలో ఆవిరై, పైనున్న లోహాన్ని చిమ్మేస్తుందట. కాగే నూనెలో తడి చెయ్యి విదిలిస్తే ఏమవుతుందో మనకి తెలుసుగా! ఇక్కడ ఆ నూనె 370 డిగ్రీల సెల్సియస్. తడిసిన సీసం ముక్క కుండలో వేయడం అందుకే మహా ప్రమాదం.

సీసం 327 డిగ్రీల దగ్గర కరుగుతుంది. దానిలో కొంచెం తగరం, కొంచెం యాంటిమొనీ కలిపితే గుండు గట్టిగా వస్తుంది. ఒకప్పుడు కారు చక్రాల బ్యాలెన్సింగుకి వాడే బరువులు తెచ్చి కరిగించేవారట. కాలిఫోర్నియాలో 2010 నుంచి చక్రాలకి సీసం బరువులు వాడటం నిషేధం. మిగతాచోట్లా ఇనుము, జింకు బరువులు ఎక్కువయ్యాయి. జింకు కలిస్తే పోత పాడవుతుంది కాబట్టి పెద్దాయన ఇప్పుడు రకం తెలిసిన లోహమే కొంటున్నారు.

కరిగాక పైన బూడిదరంగు తెట్టు తేలింది. కాస్త మైనం వేసి కలిపి, గరిటెతో ఆ తెట్టు తీసి మూతున్న డబ్బాలో వేశారు. తర్వాత రెండు చెక్కల అల్యూమినియం అచ్చు పట్టుకుని పోత మొదలుపెట్టారు. మొదటి పది గుండ్లు ముడతలు ముడతలుగా వచ్చాయి. అచ్చు ఇంకా వేడెక్కలేదన్నమాట. మొదటి అట్టు పెనానికి అన్నట్టు! అవన్నీ తిరిగి కుండలోకి వెళ్లాయి. పదకొండోది నున్నగా, కొత్త రూపాయిలా మెరుస్తూ మెత్తటి తువ్వాలు మీద పడింది.

డబ్బాలో గలగల

మర్నాడు రంగు. నాలాంటి కొత్తవాళ్లకి చేయనిచ్చే పని ఇదే.

ఒక గుండ్రటి ప్లాస్టిక్ డబ్బా. ఏ డబ్బా పడితే అది పనికిరాదు. అడుగున త్రికోణంలో 5 అంకె ఉన్నది, అంటే పాలీప్రొపిలీన్ డబ్బా కావాలి. దానిలో పిల్లలు ఆడుకునే తుపాకీల్లో వేసే నల్ల ప్లాస్టిక్ గుళ్లు కొన్ని. వాటి మీద ఓ చెంచాడు పొడి. చేత్తో ముట్టని, జిడ్డు లేని గుండ్లు ఓ యాభై. మూతపెట్టి ఒక నిమిషం పాటు గుండ్రంగా తిప్పుతూ ఊపాలి. దువ్వెనతో తల దువ్వి కాగితం ముక్కల దగ్గర పెడితే లేచి అంటుకునేవి, గుర్తుందా? ఇక్కడ జరిగేదీ అదే. ప్లాస్టిక్కూ ప్లాస్టిక్కూ రాసుకుని పుట్టిన విద్యుత్తు పొడిని గుండుకి అంటిస్తుంది. గాల్లో తేమ ఎక్కువుంటే సరిగ్గా పట్టదు. వానాకాలం విజయవాడలో చేయాల్సివస్తే కష్టమే!

మూత వెంటనే తీయకూడదు. పొడి దుమ్ము సర్దుకునే దాకా ఆగాలి. అది ఊపిరితిత్తులకి మంచిది కాదు, దగ్గర్లో మంట ఉంటే అంటుకుంటుంది కూడా. తర్వాత ఒక్కో గుండునీ పట్టకారుతో తీసి, తీగల జల్లెడ మీద ఒకదానికొకటి తగలకుండా నిలబెట్టాలి. వడియాలు పెట్టినంత ఓపిక కావాలి. నేను యాభై నిలబెట్టేసరికి మెడ పట్టేసింది.

ఓవెన్ 200 డిగ్రీల దగ్గర. ఓవెన్ బయటున్న అంకెల్ని నమ్మకుండా లోపల విడిగా ఓ థర్మామీటరు పెట్టారు. లోహం వేడెక్కిన దగ్గర్నుంచి లెక్కేసి ఇరవై నిమిషాలు. సీసం కరిగే వేడి ఇంకా చాలా పైనుంది కాబట్టి గుండు ఆకారం చెడదు, పొడి మాత్రం కరిగి పరుచుకుంటుంది. తలుపు తీస్తే... ఎర్రగా, నిగనిగలాడుతూ యాభై గుండ్లు. దానిమ్మ గింజల్లా ఉన్నాయంటే నమ్మండి.

చల్లారాక పెద్దాయన ఒకదాన్ని ఇనప దిమ్మ మీద పెట్టి సుత్తితో బాదారు. సీసం అప్పడంలా అణిగింది. రంగు మాత్రం పెళ్లలు ఊడలేదు. "ఉడికింది" అన్నారు. పూత వల్ల గుండు లావు అంగుళంలో ఒకటి రెండు వెయ్యో వంతులు పెరుగుతుంది. అందుకని చివర్లో కొలత ఉన్న రంధ్రం గుండా ఒక్కోదాన్నీ నొక్కి పంపి సరిచేస్తారు.

ఇంత అందంగా కప్పేశాక ఇంకా సీసం భయమేమిటి? బావగారి వాదన కూడా ఇదే. పైన చొక్కా తొడిగాం కదా, చేతికి అంటదు కదా అని.

సాండ్‌విచ్ చెప్పిన సంగతి

అప్పుడు పెద్దాయన ఓ ఫైలు తెచ్చి చూపించారు. తన రక్తపరీక్ష కాగితాలు. ఏటా చేయించుకుంటారట. పదిహేనేళ్ల కిందట ఆయన రక్తంలో సీసం బాగా ఎక్కువుందని డాక్టరు చెప్పారు. పొయ్యి మీద పొగ వల్లనుకున్నారు ఆయన. ఆ వేడి దగ్గర సీసం ఆవిరయ్యేది తక్కువ. తెట్టు దుమ్ము, గుండ్లు పట్టుకున్న వేళ్లు... ఆ వేళ్లతోనే పని మధ్యలో సాండ్‌విచ్ తినేవారు. సీసం కడుపులోకి వెళ్లింది ఆ దారిన.

రంగు చొక్కా కాపాడేది, పోత అయిపోయిన గుండుని పట్టుకున్నప్పుడే. దానికి ముందు పచ్చి సీసాన్ని కరిగించాలి, తెట్టు తీయాలి, అచ్చు విప్పాలి. ఆ తర్వాత రేంజిలో కాల్చినప్పుడూ దుమ్ము రేగుతుంది. మామూలు తూటా అడుగున నిప్పు రాజేసే మందులోనూ సీసం ఉంటుంది. ఇటు మొదట్లో, అటు చివర్లో సీసం బయటే ఉంది. చొక్కా మధ్యలో మాత్రమే!

అందుకే కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి వేటకి సీసం గుండ్లు పూర్తిగా నిషేధించినప్పుడు పూత వేసినవాటికి మినహాయింపు ఇవ్వలేదు. గుండు తగిలిన జంతువు కళేబరాన్ని తిని, అరుదైన కాండోర్ రాబందులు సీసం విషంతో చనిపోతున్నాయని తెచ్చిన నిషేధం అది. పక్షి కడుపులో పడ్డాక రంగు ఏం కాపాడుతుంది?

పిల్లల సంగతి మరీ సున్నితం. నోట్లోకి వెళ్లిన సీసంలో పెద్దవాళ్ల ఒంటికి పట్టేదానికి నాలుగైదు రెట్లు పసివాళ్ల ఒంటికి పడుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇంతవరకైతే ఫర్వాలేదు అనే హద్దే లేదంటోంది. రక్తహీనత, కాల్షియం లోపం ఉన్న పిల్లల్లో ఇంకా ఎక్కువ. చదువు మందగిస్తుంది, ధ్యాస నిలవదు. పైకి ఏ గుర్తూ కనిపించదు. అమెరికాలో డాక్టర్లు జాగ్రత్తపడాల్సిన అంకె ఒకప్పుడు డెసిలీటరు రక్తంలో 10 మైక్రోగ్రాములు. 2012లో దాన్ని 5కి, 2021లో 3.5కి దించారు. తెలిసేకొద్దీ హద్దు కిందికే వస్తోంది.

రక్తంలో లెక్క చూశాక పెద్దాయన పద్ధతులు మార్చుకున్నారు. గ్యారేజీలో తిండి, నీళ్లు బంద్. ఆ పనికి విడిగా ఓ జత బట్టలు, బూట్లు. అవి ఇంట్లోకి రావు, ఇంటి బట్టలతో కలిపి ఉతకరు. ఓవెన్, గరిటెలు, డబ్బాలు వేటినీ మళ్లీ వంటకి వాడరు. చీపురుతో ఊడ్వరు, దుమ్ము లేవకుండా తడిగుడ్డతో తుడుస్తారు, పొయ్యి వెలగని రోజున. సీసం వదిలించే ప్రత్యేక సబ్బుతో చేతులు కడిగి, స్నానం చేశాకే మనవల్ని ఎత్తుకుంటారు.

వింటుంటే నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. ఇది అచ్చంగా మడి! విడి బట్టలు, విడి గిన్నెలు, ముట్టుకుంటే స్నానం. అమ్మమ్మ మడిలో ఎవరు ముట్టుకోకూడదో అన్న లెక్క నాకు ఎప్పుడూ నచ్చలేదు. ఈ మడిలో దూరం పెట్టేది మనిషిని కాదు, దుమ్ముని. ఇది మాత్రం నచ్చింది.

అక్కకి చెప్పిన జవాబు

ఆ రాత్రి అన్నాలయ్యాక ముగ్గురం కూర్చున్నాం.

"పని నేర్చుకోదగ్గదే. కానీ ఈ ఇంట్లో వద్దు" అన్నాను.

బావగారి మొహం చిన్నబోయింది. "ఆయన చేయడం లేదూ?" అన్నారు.

"ఆయన ఇంట్లో రెండేళ్ల పిల్ల లేదు బావగారూ. మన గ్యారేజీ తలుపు తెరిస్తే వంటిల్లు. పాప రోజుకి పదిసార్లు అటు పరిగెత్తుతుంది. నేల మీద ఏం దొరికితే అది నోట్లో పెట్టుకుంటుంది. పెద్దాయన పదిహేనేళ్లుగా తప్పకుండా పాటిస్తున్న మడి, మీరు ఆఫీసు నుంచి అలిసిపోయి వచ్చిన శుక్రవారం రాత్రి పాటించగలరా?"

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివరికి పొత్తు కుదిరింది. పొయ్యి, ఓవెన్ కొనరు. అంతగా చేయాలనిపిస్తే పెద్దాయన గ్యారేజీలోనే. బట్టలు, బూట్లు అక్కడే. ఇంటికొచ్చి స్నానం చేశాకే పాపని ఎత్తుకోవడం. పాపకి ఓసారి రక్తపరీక్ష. ఆ వారమే చేయించారు. భయపడాల్సిందేమీ లేదన్నారు డాక్టరు.

"సీసం సంగతి తేలింది సరే..." అంది అక్క. "ఆ గుండు చేసే పని సంగతో?"

ఎవరం మాట్లాడలేదు. ఆ ఏడాది మే 6న, వాళ్లింటికి దగ్గర్లోనే ఉన్న అలెన్‌లో ఓ షాపింగ్ మాల్‌లో దుండగుడి కాల్పులకి ఎనిమిది మంది బలయ్యారు. వాళ్లలో హైదరాబాద్ నుంచి వెళ్లిన యువ ఇంజినీరు ఒకమ్మాయి. ఇంటికి దగ్గర్లో ఉన్న తెలుగువాళ్లెవరూ ఆ రోజు మర్చిపోరు. అట్ట మీద గురి చూసే పెద్దాయనకీ ఆ ఘోరానికీ సంబంధం లేదు. ఆ సంగతి అక్కకీ తెలుసు. అయినా ఎర్రగా మెరిసే ఆ గుండ్లని చూస్తే తనకి దానిమ్మ గింజలు గుర్తురావు. ఆ మాటకి జవాబు నా దగ్గరా లేదు, బావగారి దగ్గరా లేదు. ఆ తర్వాత ఆయన రేంజికి వెళ్లడం మానలేదు. తుపాకీ మాత్రం కొనలేదు. వెళ్లినప్పుడు అక్కడే అద్దెకి తీసుకుంటున్నారు.

మన గడపలో...

ఇదంతా అమెరికా గొడవ, మనకెందుకంటారా? 2020లో యునిసెఫ్, ప్యూర్ ఎర్త్ కలిసి ఇచ్చిన నివేదిక ప్రకారం రక్తంలో 5 మైక్రోగ్రాములు, అంతకన్నా ఎక్కువ సీసం ఉన్న పిల్లలు మన దేశంలో 27 కోట్లకు పైనే. మన ఇళ్లల్లో ఎవరూ గుండ్లు పోయడం లేదు. మరి ఎక్కడిదీ సీసం? పాత బ్యాటరీలు పగలగొట్టి కరిగించే చోట్లు ఓ పెద్ద దారి. పాత గోడల, తలుపుల రంగు పెచ్చులు మరొకటి. ఇళ్లకి వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదని మనకి 2016లో నిబంధనలొచ్చాయి, 2017 నవంబరు నుంచి అమలయ్యాయి. అంతకు ముందు వేసిన రంగు అడుగు పొరల్లో ఉండే ఉంటుంది. మెరుపు కోసం లెడ్ క్రోమేట్ కలిపిన కల్తీ పసుపు ఇంకొకటి. తగరంలో సీసం కలిపి ఇత్తడి గిన్నెలకి వేసే చౌక కళాయి మరొకటి. 2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది ఉన్నట్టుండి మూర్ఛపోయినప్పుడు, ఎయిమ్స్ పరీక్షల్లో కొందరి రక్తంలో సీసం, నికెల్ కనిపించాయన్న వార్త మనమంతా చదివాం. తర్వాత పరిశోధకుల అనుమానం పురుగుమందుల వైపు మళ్లింది. అయినా ఆ నాలుగు రోజులూ సీసం అన్న మాట ప్రతి ఇంట్లో వినిపించింది. ఆ తర్వాత మర్చిపోయాం.

మరవాల్సింది కాదు. తలుపులకి పాత రంగు గీకించేటప్పుడు తడిపి గీకించండి, పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకండి. కొత్త రంగు డబ్బా మీద సీసం లేదన్న మాట ఉందో లేదో చూడండి. పసుపు కొమ్ములు కొని ఆడించుకోగలిగితే మరీ మంచిది. వెల్డింగు షాపులోనో, బ్యాటరీల దగ్గరో పనిచేసే నాన్నలు ఇంటికి రాగానే "నాన్నా" అంటూ పిల్లలు కాళ్లకి చుట్టుకుంటారు. ఒక్క పది నిమిషాలు ఆగమనండి. బట్టలు మార్చుకుని, స్నానం చేసి అప్పుడు ఎత్తుకోండి.